ముందు గాలి కొలవండి, తర్వాత టికెట్లు అమ్మండి: సున్నపురాయి గుహల నిర్వాహకులకు బహిరంగ లేఖ

సందర్శకులకు తెరిచిన సున్నపురాయి గుహల నిర్వాహకులకు, అక్కడ దీపాల పనులూ దారుల పనులూ చేయించే ఇంజినీర్లకు, చేసే కాంట్రాక్టర్లకు,

నమస్కారం. ఇలాంటి గుహల్లో గైడ్లుగా, కరెంటు పనివాళ్లుగా, గాలీ నీరూ కొలిచేవాళ్లుగా పనిచేస్తున్నవాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. ఇందులోని సంగతులన్నీ వినతిపత్రాల్లో ఇదివరకే చెప్పాం. "పరిశీలిస్తాం" అనే మాట తప్ప జవాబు లేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాం.

గుహను జనానికి తెరవడం తప్పని మేం అనడం లేదు. మా తిండి కూడా దాని మీదే. మా అభ్యంతరమల్లా ఒకటే. రోజుకు ఎంతమందిని లోపలికి పంపాలనేది ఇవాళ పార్కింగ్ స్థలాన్ని బట్టీ, సెలవుల రద్దీని బట్టీ తేలుతోంది. అది లోపలి గాలిని బట్టి తేలాలి. ఎందుకో వరసగా చెబుతాం.

1. ముందు గాలి లెక్క. వాననీరు పైనేల గుండా దిగేటప్పుడు చెట్ల వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. అలా పులుపెక్కిన నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ గుహ పైకప్పుకు చేరుతుంది. గుహ గాలిలో ఆ వాయువు తక్కువగా ఉంటే చుక్కలోంచి బయటికి పోతుంది. అది పోగానే కరిగి ఉన్న సున్నం నీటిలో నిలవలేక రాయిగా పేరుకుంటుంది. గుహ పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడ (స్టాలక్టైట్) పెరగడమంటే ఇదే. చాలా గుహల్లో ఆ పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు, అంటే పది సెంటీమీటర్ల ఊడకు వెయ్యేళ్లు.

ఇప్పుడు అదే గాలిలోకి మనుషుల్ని పంపుదాం. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు. మనం వదిలే ఊపిరిలో సుమారు 40,000. మెట్లెక్కుతూ దిగుతూ నడిచే మనిషి గంటకు 25 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడనుకుందాం. ఇది ఎక్కువ చేసి చెప్పిన అంకె కాదు. 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తున్న గది తీసుకోండి. అందులో 10,000 ఘనమీటర్ల గాలి పడుతుంది. రోజుకు 1500 మంది వచ్చి ఒక్కొక్కరు 20 నిమిషాలు నిలబడితే 12,500 లీటర్ల వాయువు చేరుతుంది. గాలి మారకపోతే 1250 పీపీఎం పెరిగినట్టు. సెలవు రోజు జనం రెట్టింపైతే 2500. రాత్రికి అది బయటికి పోతే సరే. పోకపోతే మర్నాటి లెక్క సున్నా నుంచి మొదలు కాదు.

వాయువుతో పాటు వేడి, ఆవిరి. నడిచే మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి 150 వాట్ల దాకా ఉంటుంది. యాభై మంది గుంపు గదిలో నిలబడితే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు ఏడెనిమిది ఒకేసారి పెట్టినట్టే. ఆ వెచ్చటి చెమ్మ చల్లటి గోడకు తగిలి మంచులా పట్టేస్తుంది. ఆ నీటిలో సున్నం అసలు ఉండదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం దండిగా ఉంటుంది. అది రాయిని పేర్చదు, తినేస్తుంది. మెరిసే ఊడ కొన్నేళ్లకు సుద్దముక్కలా పాలిపోయి, వేలు తగిలితే పొడి రాలడానికి ఒక కారణం ఇదే.

ఈ నష్టం ఎంతదాకా పోతుందో లాస్కో చూపించింది. ఆదిమానవులు గోడల మీద బొమ్మలు గీసిన ఫ్రాన్సులోని ఆ గుహ 1940లో బయటపడింది, 1948లో జనానికి తెరిచారు, రోజుకు వెయ్యికి పైగా మనుషులు తిరిగారు. గోడల మీద ఆకుపచ్చ పాచి, తెల్లటి సున్నపు పొర కనిపించాక 1963లో మూసేశారు. 1983 నుంచి జనం చూస్తున్నది దాని నకలునే. మూసేశాక కూడా గుహ కుదుటపడలేదు. 2001లో, గాలిని నియంత్రించే కొత్త యంత్రాలు పెట్టిన కొద్దికాలానికే, తెల్లటి బూజు పాకింది. కనుక "జనం ఎక్కువైతే పెద్ద ఫ్యాన్లు పెడదాం" అనేవారు దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బొర్రాలా పెద్ద నోరున్న గుహకూ, బెలూంలా బావిలోకి దిగినట్టు నేల కిందికి దిగే గుహకూ ఒకే అంకె సరిపోదు. ఒకే గుహలో వానాకాలం గాలి వేరు, ఎండాకాలం గాలి వేరు. జనం లేని రోజుల్లో కూడా కొన్ని గదుల్లో ఈ వాయువు సహజంగానే ఎక్కువ. అందుకే ఏడాది పొడవునా గంటగంటకూ కొలిచిన లెక్క చేతిలో లేకుండా "రోజుకు ఇంతమంది" అని ఎవరు చెప్పినా అది ఊహే. న్యూజిలాండ్‌లోని వైటోమో మిణుగురు గుహలో 2400 పీపీఎంను హద్దుగా పెట్టుకున్నారు. ఆ అంకెను మనం ఎత్తుకొచ్చి వాడుకోమని కాదు. కొలిచి, హద్దు పెట్టుకుని, దానికి కట్టుబడవచ్చని మాత్రం అక్కడ తేలింది.

2. గైడ్ల ఊపిరి. సందర్శకుడు గంటలో బయటపడతాడు, గైడు రోజంతా లోపలే. పనిచోట ఎనిమిది గంటల సగటున 5000 పీపీఎం దాటకూడదని చాలా దేశాల్లో నియమం. చాలాచోట్ల ఇప్పటికీ కొవ్వొత్తి పరీక్షనే నమ్ముకుంటున్నారు. మంట వెలుగుతోంది, గాలి బాగుందనుకుంటారు. కొవ్వొత్తి ఆరాలంటే ఆక్సిజన్ 21 శాతం నుంచి సుమారు 16కు పడాలి. కార్బన్ డయాక్సైడ్ 2, 3 శాతానికి చేరితే చాలు, మనిషికి తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. అప్పటికి మంట హాయిగా వెలుగుతూనే ఉంటుంది. ముందు పడిపోయేది గుండెజబ్బువాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు, మెట్లెక్కి వచ్చిన పెద్దవాళ్లు. మీటరును గేటు దగ్గర గోడకు తగిలించి ఊరుకోవడం ఇంకో పొరపాటు. గాలి కదలని చోట ఈ వాయువు పల్లంలో నిలుస్తుంది. అన్నిటికన్నా లోతైన గదిలో, మోకాలి ఎత్తున ఒకటి, తల ఎత్తున ఒకటి పెట్టాలి. చెమ్మ పట్టిన సెన్సార్ తప్పు అంకె చూపిస్తుంది కాబట్టి నెలకోసారి బయటి గాలిలో పెట్టి సరిచూడాలి.

రేడాన్ సంగతి అసలు ఎవరూ ఎత్తరు. రాళ్లలోని యురేనియం నుంచి పుట్టే ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుంది. ఒక్కపూట వచ్చిపోయేవారికి భయం లేదు, ఏటా వెయ్యి గంటలకు పైగా లోపల గడిపేవారికి ఉంది. పనిచోట ఏడాది సగటు ఘనమీటరుకు 1000 బెకరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) దాటకుండా చూడాలన్నది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రమాణం. కొలవడానికి పెద్ద ఖర్చేం కాదు. అరచేతిలో పట్టే డబ్బాల్ని మూడు నెలలు లోపల ఉంచి ల్యాబుకు పంపితే చాలు. అంకె ఎక్కువొస్తే చేయాల్సింది గైడ్ల గంటలు తగ్గించి వంతులు మార్చడం. అంతేగానీ రేడాన్ పోవాలని తలుపులు బార్లా తెరిస్తే గుహ ఎండిపోతుంది.

3. దీపాల పాచి. దీన్ని దగ్గరికెళ్లి చూడండి. దీపం ఎదురుగా గోడ మీద వెలుగు ఎంత గుండ్రంగా పడుతుందో పచ్చదనం అంతే గుండ్రంగా, కొలిచి గీసినట్టు ఉంటుంది. మొదట జారుడు పొర, తర్వాత నాచు, చివరికి ఫెర్న్ మొక్క. విత్తులూ బీజాలూ మన బట్టల మీద, బూట్ల మీద, గాలిలో లోపలికి వస్తాయి. గుహలో తడి ఎలాగూ ఉంది. లేనిది వెలుగు ఒక్కటే, అది మనం తెచ్చిపెట్టాం. ఆ జీవాలు వదిలే ఆమ్లాలు రాయిని కొరుకుతాయి. చుక్క పడే చోటైతే పాచి మీదే కొత్త సున్నం పేరుకుని పచ్చరంగు రాయి లోపల ఇరుక్కుపోతుంది. ఇక దాన్ని ఎవరూ తీయలేరు.

దీనికి మందు కంటే ముందు దీపం మార్చాలి. హాలోజన్ దీపం వెలుగూ ఇస్తుంది, గోడనూ వేడెక్కిస్తుంది. ఎల్ఈడీ పెట్టామని చాలామంది సంబరపడుతున్నారు గానీ, పెట్టింది నీలం పాలు ఎక్కువుండే తెల్లటి ఎల్ఈడీ. మొక్కలు ఎక్కువగా వాడుకునేది నీలం, ఎరుపు రంగుల్నే. పసుపు వైపు మొగ్గే వెచ్చటి వెలుగు పెడితే పాచి నెమ్మదిస్తుంది. రంగురంగుల డిస్కో దీపాల గురించి ఎక్కువ రాయడం అనవసరం, గుహ అందం వాటికోసం ఎదురుచూడడం లేదు. దీపానికీ రాయికీ మధ్య కనీసం మీటరు దూరం, రాయి మీద పడే వెలుగు 50 లక్స్ లోపు, ప్రతి గదికీ వేరే స్విచ్, గుంపు దాటిన రెండు నిమిషాలకు ఆరిపోయే టైమర్ ఉండాలి. రోజుకు పది గంటలు వెలిగే దీపం రెండు గంటలే వెలిగితే పాచికి అందేది ఐదో వంతే.

ఉన్న పాచిని తీయడానికి బ్రష్‌తో గీకుతున్నారు. దయచేసి ఆపండి. గీకితే రాయి గీరుకుంటుంది, బీజాలు పక్క గోడకు అంటుకుంటాయి. బ్లీచింగ్ ద్రావణం పాచిని చంపుతుంది, కానీ క్లోరిన్ వాసన గైడ్ల గొంతులోనూ, గుహలో బతికే పురుగుల మీదా పడుతుంది. దానికన్నా మేలు 15 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. అది కాస్త ఆమ్లగుణం ఉన్నది కాబట్టి వాడే ముందు పది, పన్నెండు గంటలు అందులో సున్నపురాయి ముక్కలు వేసి ఉంచాలి. అప్పుడు దాని కొరుకుడు ఆ ముక్కల మీదే తీరిపోతుంది. జనం లేని రోజు, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, సన్నటి తుంపరగా కొట్టాలి. గబ్బిలాలు ఉన్నచోట, కొలనుల పక్కన, పాత బొమ్మలో రాతలో ఉన్న గోడ మీద వద్దు. దీపం మార్చకుండా ఎన్నిసార్లు కొట్టినా పాచి మళ్లీ వస్తుంది.

4. ఆసిడ్. మరకలు పోవడానికి బాత్రూమ్ ఆసిడ్ పోస్తున్నారు. పోయగానే వచ్చే నురగ మురికిది కాదు, రాయి కరిగి పోతున్న నురగ. అర నిమిషంలో పోయే ఆ పొర పేరుకోవడానికి వందల ఏళ్లు పట్టింది. ఇంకేం చెప్పాలి?

5. చేతులు, పీచు, నాణేలు. చేతి జిడ్డు అంటిన చోట నీటి చుక్క సరిగా పరుచుకోదు, కొత్త సున్నం పట్టదు, జిడ్డుకు దుమ్ము పట్టి నల్లబడుతుంది. దారి పక్కన నడుమెత్తున నున్నగా నల్లగా మెరిసే ఊడ కనిపిస్తే అక్కడ రెయిలింగ్ తప్పు చోట పెట్టారని అర్థం. జనాన్ని తిట్టి లాభం లేదు. చేయి చాచినా అందనంత దూరంగా దారి మళ్లించాలి.

బట్టల నుంచి రాలే పీచు, వెంట్రుకలు, చర్మపు పొట్టు కలిసి దారి అంచుల్లో బూడిదరంగు దూదిలా పేరుకుంటాయి. బూజుకూ, బయటి పురుగులకూ అదే మేత. అమెరికాలోని కార్ల్స్‌బాడ్ గుహల్లో స్వచ్ఛంద సేవకులు మెత్తటి బ్రష్‌లు, పట్టకార్లు పట్టుకుని దీన్ని ఏరుతుంటారు. దారి రెండు పక్కలా జానెడు ఎత్తు గట్టు కడితే పీచులో చాలా భాగం అక్కడే ఆగుతుంది, ఊడ్చి సంచుల్లో బయటికి తేవచ్చు. నీళ్ల పైపు పెట్టి కడిగితే మాత్రం అదంతా కొలనుల్లోకి చేరుతుంది. ఆ కొలనుల్లో నాణేలు వేయనివ్వకండి. లోహం తుప్పు రాయిలోకి దిగితే మరక పోదు. మెట్లకూ రెయిలింగులకూ చెక్క వాడొద్దు, కుళ్లి బూజును పోషిస్తుంది. జింకు పూత ఇనుమూ వద్దు, చుక్క పడిన చోటల్లా జింకు కరిగి కిందికి కారుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఒకసారి ఖర్చు, అంతే.

6. కొత్త ద్వారాలు. గుంపు తేలిగ్గా బయటికి పోవాలని రెండో చివర గోడ తొలిచి దారి తీస్తే, ఆ రోజు నుంచి గుహ పొగగొట్టంలా గాలి పీలుస్తుంది. వేల ఏళ్లుగా దాదాపు నూరు శాతం చెమ్మలో ఉన్న రాయి ఎండడం మొదలవుతుంది. తీయక తప్పకపోతే ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకునే జంట తలుపులు పెట్టాలి. అమెరికాలోనే ఆరిజోనాలో కార్ట్‌నర్ గుహను 1974లో కనుగొన్నవాళ్లు 1988 దాకా బయటపెట్టలేదు. ఇలాంటి తలుపులు అమర్చి, 1999లో గానీ జనానికి తెరవలేదు. అక్కడి పెద్ద గదిని ఏటా ఏప్రిల్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. గబ్బిలాలు పిల్లలు పెట్టే కాలం మరి.

7. గుహ నెత్తిన ఏముంది? టికెట్ కొనని మనుషులకు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. ఇసుక నేలలో నీరు వడకట్టుకుంటూ దిగుతుంది. సున్నపురాయిలో చీలికల గుండా ఉన్నదున్నట్టు పారుతుంది. గుహ పైన కట్టిన మరుగుదొడ్ల గుంత, హోటల్ మురుగు, చెత్త పోసి పూడ్చిన కుంగుడు గుంట (కింద రాయి కరిగి నేల కుంగిన చోటు), వీటన్నిటి నీరూ గంటల్లోనో రోజుల్లోనో ఎక్కడో దూరాన ఊటలో, బావిలో తేలుతుంది. ఆ నీళ్లు తాగేవాళ్లకు తమ ఇంట్లో విరేచనాలు ఎందుకు తగ్గడం లేదో తెలియదు. గుహ వల్ల వాళ్లకు దక్కిన లాభమూ లేదు.

పైన తారు వేసిన పార్కింగ్ స్థలం ఇంకో రకం. నేల మూసుకుపోగానే వాననీరు పక్కకు పారిపోతుంది, దాని కింద చుక్కలు ఆగిపోతాయి, ఊడలు చస్తాయి. బండ్ల నూనె మాత్రం పగుళ్లు వెతుక్కుని దిగుతుంది. తోటల్లో చల్లే కలుపుమందూ అంతే.

ఏ నీరు ఎక్కడికి పోతుందో తెలుసుకోవడం కష్టమేం కాదు. ఫ్లోరసీన్ అనే హాని లేని పచ్చరంగును కుంగుడు గుంటలో కలిపి, చుట్టుపక్కల ఊటల్లో, బావుల్లో ఆ రంగును పట్టుకునే బొగ్గుపొడి పొట్లాలు వేలాడదీసి, వారానికోసారి మార్చి పరీక్షిస్తే దారి తెలిసిపోతుంది. కలిపే ముందు ఆ నీళ్లు వాడేవాళ్లకు చెప్పాలి. తెల్లారి బావిలో పచ్చనీళ్లు కనిపిస్తే ఎవరైనా హడలిపోతారు.

8. గబ్బిలాల పెంట ఎండాక పొడిగా ఊడిస్తే అందులోని హిస్టోప్లాస్మా శిలీంధ్రం గాలిలో లేస్తుంది, ఊడ్చేవారి ఊపిరితిత్తుల్లో పడుతుంది. తడిపి తీయించండి, సరైన మాస్కు ఇవ్వండి. ముక్కుకు కట్టుకునే గుడ్డ చాలదు.

9. కరెంటు, వరద. కరెంటు పోయిన క్షణాన యాభై మంది చీకట్లో జారుడు మెట్ల మీద ఉంటారు. గుహ చీకటికి కళ్లు అలవాటు పడవు, ఎంతసేపున్నా ఏమీ కనపడదు. బ్యాటరీ దీపాలు వేరే లైను మీద ఉండాలి, ప్రతి గైడు దగ్గరా రెండు టార్చిలు ఉండాలి, లోపలికి ఎంతమంది వెళ్లారో బయటికి ఎంతమంది వచ్చారో లెక్క రాయాలి. ఏరు పారే గుహలో గేటు దగ్గర ఆకాశం చూసి నిర్ణయించకండి. వాన పైన ఎక్కడో కురుస్తుంది, నీరు లోపలికి వస్తుంది. ఎగువన నీటిమట్టం కొలిచే కర్ర, దాని మీద ఎర్రగీత, గీత దాటగానే గైడుకు జనాన్ని బయటికి తెచ్చే అధికారం ఉండాలి. పై అధికారికి ఫోన్ చేసి అనుమతి తీసుకునే వ్యవధి అప్పుడు ఉండదు.

మేం అడుగుతున్నవి ఇవి:

ఒకటి. 30 రోజుల్లో ప్రతి గుహలో కనీసం మూడు చోట్ల కార్బన్ డయాక్సైడ్, ఉష్ణోగ్రత, చెమ్మ కొలిచే పరికరాలు పెట్టాలి. ఆ అంకెలు టికెట్ కిటికీ దగ్గర అందరికీ కనపడేలా రోజూ రాయాలి.

రెండు. ఏడాది లెక్క తేలేదాకా సెలవు రోజుల్లో జనాన్ని మామూలు రోజు సంఖ్యకు మించి పంపకూడదు. గుంపుకు 25 మంది, గుంపుకూ గుంపుకూ మధ్య 20 నిమిషాలు. లెక్క తేలాక హద్దు మార్చండి, మేమే సహకరిస్తాం.

మూడు. గైడ్లకు రేడాన్ కొలతలు, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష. జనం తగ్గితే గైడ్ల రోజుకూలి తగ్గకూడదు. మనిషికింత అని గైడ్లకు లెక్కకట్టే పద్ధతి ఉన్నన్నాళ్లూ గుంపులో ఇంకో పదిమందిని ఇరికించాలనే ఒత్తిడి ఉంటూనే ఉంటుంది.

నాలుగు. ఆసిడ్, గీకుడు, పైపులతో కడగడం ఈ లేఖ అందిన రోజు నుంచే ఆపాలి. దీపాల టెండరులో వాట్లు, ధర మాత్రమే కాకుండా రంగు, దూరం, లక్స్, టైమర్ కూడా షరతులుగా రాయాలి.

ఐదు. గుహ పైనున్న మరుగుదొడ్ల గుంతల్ని ఆరు నెలల్లో నీరు దిగని ట్యాంకులుగా మార్చాలి. రంగునీటి పరీక్ష చేయించి, ఫలితాన్ని ఆ ఊటల నీళ్లు తాగేవారికి వాళ్ల ఊళ్లోనే చదివి వినిపించాలి.

ఆరు. గుహల నిర్వాహకుల అంతర్జాతీయ సంఘం, గుహశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం, ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ కలిసి 2014లో ఖరారు చేసిన మార్గదర్శకాలు ఉన్నాయి. వాటిలో ఏవి పాటిస్తున్నారో, ఏవి పాటించడం లేదో, ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి.

మీటర్లు ఎక్కడెక్కడ పెట్టాలో చూపించడానికి, గైడ్లకు వాటిని చదవడం నేర్పడానికి మేం సిద్ధం. గుహ మూసే సాయంత్రం ఒకరోజు ఖరారు చేయండి. దీపాలన్నీ ఆర్పి, ఒక్క టార్చితో, అన్నిటికన్నా లోతైన గదికి మీతో పాటే వస్తాం.

ఇట్లు,
సున్నపురాయి గుహల్లో పనిచేస్తున్న గైడ్లు, కరెంటు పనివాళ్లు, గాలీ నీరూ కొలిచేవాళ్లు